చిన్న గొడవ

మా జనం చరిత్రలో పెద్ద గొడవలంటూ లేవు. అన్నీ చిన్న గొడవలే. 1985లో కారంచేడులో బకెట్టు కడిగిన దగ్గర ఒక చిన్న గొడవ. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలి ఒక చిన్న గొడవ. బకెట్టు గొడవకు ఆరుగురు చచ్చారు. కాలు తగిలిన గొడవకు ఎనిమిది మంది చచ్చారు. అయినా అవి చిన్నవే! ఊళ్ళో పెత్తందార్లు ఇప్పటికీ అట్టాగే అంటారు. "ఏదో కుర్రాళ్ళ గొడవ, చిలికి చిలికి గాలివానయింది" అంటారు. గాలివాన దానంతటదే వచ్చినట్టు, గొడ్డళ్ళు వాటంతటవే లేచినట్టు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషిని. ఏటా రాజ్యాంగం పాఠం దగ్గరికి వచ్చినప్పుడు పదిహేడో అధికరణం చెబుతాను. అంటరానితనం రద్దయింది, దాన్ని ఏ రూపంలో పాటించినా నేరం. పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని నిజమనుకొని దాని ప్రకారం నడవబోయిన పిల్లలకు ఏమైందో మాత్రం పుస్తకంలో ఉండదు. ఆ పిల్లల చరిత్ర నేనే చెప్పుకోవాలి. ఇది చదువుతున్న మీలో చాలామంది విద్యార్థులు. సంఘాల్లో తిరుగుతున్నవాళ్ళు. మీ వయసు వాళ్ళ చరిత్రే ఇది.

ఎందుకంటే ఆ చిన్న గొడవలన్నీ పెట్టుకుంది వయసులో ఉన్నవాళ్ళే. పాత లెక్కలు తీసి చూసుకోండి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టింది 1906లో. ఆయన పుట్టింది 1888లో. అంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. హరికథలు చెప్పించి మాలమాదిగ వాడల్లో జనాన్ని పోగేశాడు. 1917లో బెజవాడలో సభ జరిగితే దానికి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ముప్పై నిండలేదు. పంచములనే పేరు మాకొద్దు, మేం ఈ నేలకు మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అని చెప్పిన సభ అది. ఇంకొకరు పెట్టిన పేరును విసిరికొట్టి తన పేరు తాను పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఇప్పటికీ మన పిల్లల్ని స్కూల్లో పేరు పెట్టి కాకుండా పల్లె పేరుతో పిలిచేవాళ్ళున్నారు.

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువులో నీళ్ళు తాగేటప్పటికి అంబేద్కర్‌కు ముప్పై ఆరు కూడా నిండలేదు. ఆయన్ని అక్కడికి పిలిచి, సభ జరగడానికి తిరిగినవాళ్ళలో ముఖ్యుడైన ఆర్.బి. మోరేకి ఇరవై నాలుగేళ్ళే. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పెట్టినవాళ్ళలో ఒకడైన నామ్‌దేవ్ ఢసాల్‌కు ఇరవై మూడు. పెద్దవాళ్ళకు పౌరుషం లేదని నేననటం లేదు. పెద్దవాళ్ళకు పిల్లలుంటారు. చేలో కూలి పోతే రేపు పొయ్యి వెలగదని వాళ్ళకు తెలుసు. ఆ తెలివిడి వాళ్ళ నోరు నొక్కుతుంది. ఆ తెలివిడి ఇంకా రానివాళ్ళే ముందు నోరెత్తుతారు. చదువుకున్నవాళ్ళయితే ఇంకా ముందు ఎత్తుతారు.

ఇక మన కారంచేడు సంగతికి వస్తాను.

మా అమ్మమ్మది చీరాల పక్క ఊరు. కారంచేడు కథ నేను మొదట విన్నది ఆమె నోటనే, పుస్తకంలో కాదు. నేను పుట్టడానికి నాలుగేళ్ళ ముందు జరిగింది. కానీ ఆమె చెబుతుంటే నిన్న జరిగినట్టుండేది. మాదిగపల్లె జనం తాగే చెరువు. 1985 జూలై 16 సాయంత్రం. కమ్మవారి కుర్రాడు ఒకడు బర్రెకు కుడితి పెట్టిన బకెట్టు తెచ్చి ఆ నీళ్ళ దగ్గర కడుగుతున్నాడు. ఆ మురికంతా తాగే నీళ్ళలో పడుతోంది. పల్లె కుర్రాడు ఒకడు చూశాడు. ఇవి మేం తాగే నీళ్ళు గదా అన్నాడు. అంతే. కొట్టబోయారు. అప్పుడే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వచ్చింది. తన మీదికి చెయ్యి లేస్తే తన చేతిలో ఉన్న బిందె పైకెత్తింది.

మా అమ్మమ్మ ఇక్కడ ఆగేది. ఆగి తన చేతులు చూసుకునేది. "నీళ్ళబిందె ఎత్తటం అందరికీ వచ్చమ్మా. నెత్తిన పెట్టుకోటానికి ఎత్తుతాం, చంకన పెట్టుకోటానికి ఎత్తుతాం. ఆ పిల్ల ఇంకోదానికి ఎత్తింది" అనేది. మా అమ్మమ్మకు చదువు రాదు. వేలిముద్రే. కానీ ఆ ఎత్తడంలో తేడా ఆమెకు తెలిసినంత బాగా నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

మర్నాడు, జూలై 17 పొద్దున్నే, ఊరు ఊరంతా మీద పడింది. బరిసెలు, గొడ్డళ్ళు, కర్రలు. ఇళ్ళలో దూరి కొట్టారు. పొలాల్లోకి పరిగెత్తినవాళ్ళను వెంటాడి నరికారు. ఆరుగురు మగవాళ్ళను చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారం చేశారు. ఒక బిందెకు అంత కోపం! ఆ కోపం బిందె మీద కాదు. కారంచేడు మాదిగలు అప్పటికే మారుతున్నారు. పిల్లలు బడికి పోతున్నారు. ఓటు ఎవరికి వెయ్యాలో తామే అనుకుంటున్నారు. కూలి ఇంత కావాలని అడుగుతున్నారు. ఇదంతా ఊళ్ళో వాళ్ళ కడుపులో మండుతూనే ఉంది. బిందె ఒక సాకు.

తర్వాత జరిగింది అంతకన్నా ముఖ్యం. బతికినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. చర్చి ఆవరణలో శిబిరం. చుట్టుపక్కల పల్లెలనుంచి బియ్యం వచ్చాయి, పచ్చళ్ళు వచ్చాయి, పాత బట్టలు వచ్చాయి. మా అమ్మమ్మవాళ్ళ పల్లెలో ఇంటికో సోలెడు బియ్యం పోగుచేసి పంపారట. "మాకే లేవు. అయినా పెట్టాం" అనేది ఆమె. పొన్నూరులో సంస్కృతం పాఠాలు చెప్పే కత్తి పద్మారావు వచ్చాడు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి వచ్చాడు. హాస్టళ్ళనుంచి, కాలేజీలనుంచి కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చారు. 1985 సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ పుట్టింది.

ఇంటికి తిరిగి పొమ్మన్నారు. రాజీ చేసుకోండి, కాపలా పెడతాం అన్నారు. శిబిరం ఒప్పుకోలేదు. చంపినవాళ్ళ చేలల్లోకి మళ్ళీ కూలికి పోం అన్నారు. చీరాలలోనే ఉంటాం, ఇక్కడే ఇళ్ళు కట్టించండి అన్నారు. కట్టించారు. ఆ విజయనగర్ కాలనీ ఇప్పటికీ ఉంది. ఎన్ని వందల ఏళ్ళుగానో ఊరి చివర బతికినవాళ్ళు, నీ ఊరే మాకొద్దు పొమ్మన్నారు. వెలివేయడం తెలిసిన ఊరిని పల్లెజనం తిరిగి వెలివేశారు. ఇది మన చరిత్రలో ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

దానికి ఖరీదు కూడా గట్టిగానే కట్టారు. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మను చంపేశారు. కేసు కింది కోర్టునుంచి పైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు పోయి చివరి తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు. ఇరవై మూడేళ్ళు. ఆ శిబిరంలో పాలు తాగిన పిల్ల పెద్దదై పెళ్ళి చేసుకొని పిల్లల్ని కనే కాలం. అయినా చరిత్ర అక్కడ ఆగలేదు. దేశమంతా జరుగుతున్న ఇలాంటి దాడుల మీద పుట్టిన కదలిక, అందులో కారంచేడు కూడా, కలిసి ఒక చట్టాన్ని తెచ్చాయి. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పార్లమెంటులో పాసయింది. 1990 జనవరి 30నుంచి అమల్లోకొచ్చింది. దాంట్లో ముందస్తు బెయిలు లేదు. కేసుకు ప్రత్యేక కోర్టు ఉండాలి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి నాలుగో సెక్షన్ కింద శిక్ష ఉంది. ఈ చట్టాన్ని ఎవరో దయదలిచి ఇచ్చారని అనుకోవద్దు. ఆ అక్షరాల్లో సువార్త బిందె ఉంది.

చట్టం అమల్లోకొచ్చి ఏడాదిన్నర దాటిందో లేదో చుండూరు జరిగింది.

చుండూరు తెనాలి పక్కన. రైలు దారిలో ఉన్న ఊరు. అక్కడ మావాళ్ళకు కాస్త చదువు ఎక్కువ. రైల్వేలో ఉద్యోగాలు వచ్చినవాళ్ళున్నారు. నెల జీతం వచ్చేవాడు రెడ్ల చేను కోసం పొద్దున్నే గుమ్మం ముందు నిలబడడు. ఇస్త్రీ చొక్కా వేస్తాడు. సినిమాకు పోతే నేల టిక్కెట్టుకు కాకుండా కుర్చీ టిక్కెట్టుకు పోతాడు. చూడండి, కుర్చీ అంటే ఎంత పెద్ద విషయమో. మా నాయన చిన్నప్పుడు ఆసామి అరుగు మీద కూర్చున్నందుకు తిట్లు తిన్నాడు. చుండూరు కుర్రాళ్ళు డబ్బులిచ్చి కుర్చీ కొనుక్కుని ఆసామి కొడుకు పక్కనే కూర్చున్నారు. తెర మీద బొమ్మ ఇద్దరికీ ఒకటే. కానీ పక్క కుర్చీ వాడికి కంట్లో నలుసయింది.

1991 జూలైలో రవి అనే కుర్రాడు సినిమాకు పోయాడు. పీజీ చదువుతున్నాడు. వాళ్ళ నాన్న బడిపంతులు. హాల్లో అతని కాలు అగ్రకులం కుర్రాడికి తగిలింది. అక్కణ్ణుంచి గొడవ మొదలైంది. కొట్టారు, వెంటపడ్డారు, ఇంటిమీదికి పోయారు. తర్వాత పల్లె మొత్తాన్ని బహిష్కరించారు. పనుల్లోకి పిలవరు. ఊళ్ళో 144 సెక్షన్ పెట్టారు. పోలీసు పికెట్టు పెట్టారు. ఇంత రక్షణలో ఉన్న ఊళ్ళోనే, 1991 ఆగస్టు 6న, పోలీసులొస్తున్నారు పారిపొమ్మని పల్లె మగవాళ్ళకు చెప్పారు. వాళ్ళు పొలాల మీదికి పరిగెత్తారు. అక్కడ రెడ్లు, తెలగలు కత్తులతో, గొడ్డళ్ళతో కాసుకొని ఉన్నారు. ఎనిమిది మందిని నరికారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవల్లో పారేశారు.

గోతాలు! మిరపకాయలు నింపే గోతాలు, వడ్లు నింపే గోతాలు. ఆ వడ్లు పండించినవాళ్ళనే అందులో కుక్కారు. మా అమ్మ ఏళ్ళతరబడి గోతాలు కుట్టింది. చుండూరు మాటొస్తే ఇప్పటికీ చేతిలో పని పక్కన పెట్టేస్తుంది.

ఆ పైన చుండూరు జనం చేసింది చూడండి. శవాలను ఊరికి దూరంగా శ్మశానంలో పెట్టలేదు. ఊరి నడుమ, అందరూ నడిచే దారి పక్కన పూడ్చారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బస్సు దిగినవాడు, సైకిలు మీద పోయేవాడు, చంపినవాడు, చంపించినవాడు అందరూ రోజూ దాన్ని చూస్తూ పోవాలి. బతికుండగా ఊరి మధ్యకు రానివ్వని మనుషులు చచ్చిపోయి ఊరి మధ్యకొచ్చి కూర్చున్నారు. సెప్టెంబరు 10న నిరసన దీక్ష జరుగుతుంటే పోలీసులు కాల్పులు జరిపారు. అనిల్‌కుమార్ అనే కుర్రాడు చచ్చిపోయాడు. ఉద్యమంలో ముందు నడుస్తున్నవాడు. అలా ఎనిమిది తర్వాత తొమ్మిదో ప్రాణం పోయింది.

విచారణకు గుంటూరు రమ్మంటే మేం రామన్నారు. నేరం జరిగిన చోటే కోర్టు పెట్టండన్నారు. చాలా ఏళ్ళు అదే పట్టు. చివరికి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. జడ్జీ ఊళ్ళోకొచ్చి కూర్చున్నాడు. కూలి ఆడవాళ్ళు బోనెక్కి ఎవరు నరికిందీ వేలెత్తి చూపించారు. పౌరహక్కుల కోసం పనిచేసిన న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వాదించాడు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్ళ తర్వాత. ఆ రోజు నేను హాస్టల్లో ఉన్నాను. టీవీలో వార్త వస్తే హాలంతా ఒక్కసారి లేచి అరిచాం. కొందరు ఏడ్చారు. మేం అంతకుముందు చూడని వార్త అది. మావాళ్ళను చంపితే శిక్ష పడటం.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. ఆ మర్నాడు క్లాసులో న్యాయవ్యవస్థ పాఠం చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. కింది కోర్టు, పై కోర్టు, ఆ పై సుప్రీంకోర్టు అని బోర్డు మీద బొమ్మ గీశాను. బాధితులు సుప్రీంకోర్టుకు పోవచ్చని కూడా చెప్పాను. ఒక పిల్ల లేచి, "మరి ఆ ఎనిమిది మందిని ఎవరు చంపినట్టు టీచర్?" అంది. ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. ఆ పిల్లను కూర్చోమనలేదు. బోర్డు మీద ఆ ప్రశ్నను పెద్దక్షరాలతో రాసి, గంట కొట్టేదాకా ఉంచాను.

రవి వాళ్ళ నాన్న బడిపంతులు. నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ ఒక్క సంగతే. పంతులు తన కొడుక్కి చదువు చెప్పించాడు. చదువు, అందరూ సమానమని చెప్పింది. ఆ కొడుకు దాన్ని నమ్మి కుర్చీలో కూర్చున్నాడు. నేనూ రోజూ అదే చెబుతున్నాను గదా. రాజ్యాంగం చెప్పి, సమానత్వం చెప్పి, నా ముందు కూర్చున్న నలభై మంది పిల్లల్ని సినిమా హాలుకు పంపిస్తున్నాను గదా. కాలు ముడుచుకొని కూర్చోమని చెప్పాలా? పక్కవాడికి తగలకుండా చూసుకోమని చెప్పాలా? మా నాయన నాకు అదే చెప్పాడు. "మనకెందుకులే తల్లీ" అన్నాడు. ప్రేమతోనే చెప్పాడు. ఆ ప్రేమే మమ్మల్ని బతికించింది. నిజమే. కానీ ఆ ప్రేమే నిలిచిపోయుంటే పల్లెలో ఇప్పటికీ ఒక్క డిగ్రీ ఉండేది కాదు.

దీనికి జవాబు నాకు మా స్కూల్లోనే దొరికింది. కొన్నేళ్ళ కింద. అప్పుడు నేను పనిచేస్తున్న ఊరి పేరు చెప్పను. మధ్యాహ్నం భోజనం. వడ్డించేటప్పుడు పల్లె పిల్లల కంచాల్లో గరిటె పైనుంచి ఎత్తి పోస్తారు. కంచానికి గరిటె ఆనకూడదు. సగం కంచంలో, సగం చేతి మీద. వేడి సాంబారు. పిల్లలకు అలవాటైపోయింది. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల, "ఆనించి వెయ్యండి" అంది. వెయ్యలేదు. ఆ పిల్ల గరిటె తీసుకొని తనే వేసుకుంది. ఆ గిన్నెలో కూర ఎవరూ తినలేదు. సాయంత్రానికి ఊళ్ళోవాళ్ళు పదిమంది గేటు దగ్గరికొచ్చారు.

"ఎందుకండీ టీచర్‌గారూ, చిన్న గొడవ. పిల్లచేత తప్పయిందని చెప్పిస్తే పోద్ది" అని స్టాఫ్‌రూంలో సలహా. మంచివాళ్ళే ఆ సలహా ఇచ్చినవాళ్ళు. వాళ్ళకు ఆ రోజు గడిస్తే చాలు. ఆ పిల్లకు మాత్రం జీవితమంతా గడవాలి. నేను చెప్పించనన్నాను. జరిగింది జరిగినట్టు తేదీ వేసి, టైము వేసి రాసి, హెడ్మాస్టరుకు ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం చేయించుకున్నాను. ఆ రాత్రి పల్లెకు పోయాను. చర్చి ముందు కూర్చున్నాం. ముందు ముసలాళ్ళు భయపడ్డారు. "పిల్ల తొందరపడింది" అన్నారు. అప్పుడు ఆ పిల్ల నాయనమ్మ లేచింది. "తొందరేంటి? నేను డెబ్బై ఏళ్ళు ఆగాను. ఇంకా ఎంతసేపు ఆగాలి?" అంది. మర్నాడు పొద్దున పదిహేను మంది తల్లులు స్కూలుకొచ్చారు. గొడవ చెయ్యలేదు. భోజనం వేళ పిల్లల పక్కన కూర్చున్నారు, అంతే. మూడో రోజునుంచి గరిటె కంచానికి ఆనింది. ఆ పిల్ల నాన్నను ఆ పంట మొత్తం పనికి పిలవలేదు. పల్లెలో వాళ్ళు తమ ముఠాలో కలుపుకొని పక్క ఊళ్ళకు తీసుకెళ్ళారు.

ఇది కారంచేడంత కాదు, చుండూరంత కాదు. కానీ సంగతి ఒకటే. చిన్నవాళ్ళు ముందు కాలు పెడతారు. ఆ తర్వాత ఏమవుతుందనేది వెనక ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి ఉంటుంది. సువార్త బిందె ఒక్కటే అయితే అదొక చావు కబురుగా మిగిలేది. చీరాల శిబిరం, ఇంటికో సోలెడు బియ్యం, వదులుకున్న ప్లీడరు పదవి, చచ్చేదాకా సాక్ష్యం వదలని అలీసమ్మ, వీళ్ళంతా కలిసి దాన్ని చరిత్ర చేశారు. రవి కాలు ఒక్కటే అయితే అది పోలీసు స్టేషన్లో ఒక కాయితం. ఊరి నడుమ సమాధులు, ఊళ్ళోనే కోర్టు కావాలన్న మొండిపట్టు దాన్ని చరిత్ర చేశాయి.

మన చదువులు పెరిగేకొద్దీ గొడవ కూడా పెద్ద బళ్ళకు పోయింది. గుంటూరు పిల్లవాడు రోహిత్ వేముల హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్లో ఉన్నాడు. అక్కడ కూడా మొదట విద్యార్థుల మధ్య గొడవే అన్నారు. ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టలునుంచి గెంటేశారు. 2016 జనవరిలో వాళ్ళు పరుపులు, పెట్టెలు, అంబేద్కర్ ఫోటో పట్టుకొని బయటికొచ్చి, క్యాంపస్‌లో ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. యూనివర్సిటీ నడిబొడ్డున వెలివాడ! దాచిపెట్టినదాన్ని అందరికీ కనపడేట్టు చేశారు. అది చుండూరువాళ్ళు నేర్పిన పాఠమే. జనవరి 17న రోహిత్ పోయాడు. ఆ తల్లి రోడ్డెక్కింది. దేశమంతా కాలేజీల్లో పిల్లలు రోడ్డెక్కారు. కానీ ఒక్క మాట అనకుండా ఉండలేను. మనకు చచ్చిన పిల్లల ఫోటోలు ఇక చాలు. బతికుండగానే వాళ్ళ వెనక నిలబడాలి. స్కాలర్‌షిప్ ఆగిన రోజు, హాస్టలు గదికి తాళం పడిన రోజు, ఆ రోజే పల్లె వాళ్ళ దగ్గరికి పోవాలి. చలిలో పడుకున్న పిల్లవాడికి దుప్పటి తీసుకెళ్ళటం కూడా ఉద్యమమే.

2018 మార్చిలో సుప్రీంకోర్టు అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చే తీర్పు ఇచ్చింది. అరెస్టుకు ముందు అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న భారత్ బంద్. ఏ పెద్ద పార్టీ జెండా ముందు లేదు. ఎక్కువమంది కుర్రాళ్ళే. ఉత్తరాదిలో కాల్పుల్లో, దాడుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి ఇచ్చింది. చుండూరు తర్వాత పుట్టిన పిల్లలు, కారంచేడు పేరు కూడా సరిగ్గా తెలియని పిల్లలు, ఆ చట్టాన్ని కాపాడుకున్నారు. తమ తాతలు దానికి ఏం కట్టారో తెలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

అందుకే విద్యార్థులకు నాదొక మాట. మీ ఊళ్ళో జరిగిన చిన్న గొడవలు రాయండి. తేదీతో, ఊరి పేరుతో, ఎవరు ఏం అన్నారో ఆ మాటలతో రాయండి. ముసలాళ్ళు పోకముందే అడిగి రాయండి. ఏ బావి దగ్గర, ఏ హోటల్లో ఏ గ్లాసు దగ్గర, ఏ పెళ్ళి ఊరేగింపు దగ్గర, ఎవరు ముందు నోరెత్తారో రాయండి. ఆడపిల్లల పేర్లు మర్చిపోకుండా రాయండి. మనం రాయకపోతే వాళ్ళు దాన్ని కుర్రాళ్ళ గొడవ అని రాస్తారు, లేదా అసలు రాయరు. ఉద్యమాల్లో ఉన్న పెద్దలకు ఇంకో మాట. మీ పల్లెలో ఈసారి ఏ పిల్లో గరిటె పట్టుకుంటుంది, ఏ పిల్లవాడో కుర్చీ లాక్కుంటాడు. వాళ్ళను తొందరపడ్డావని అనకండి. ముందు పోయి పక్కన కూర్చోండి. తర్వాత కాయితం తీసుకొని తేదీ వెయ్యండి.

నా వరకు నేను పదిహేడో అధికరణం చెప్పటం మానను. కాలు ముడుచుకోమని ఏ పిల్లకూ చెప్పను. టిక్కెట్టు కొన్నాక కుర్చీ వాళ్ళది.